పంప్డ్ స్టోరేజీ సైట్‌లో ఉద్యోగమా, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరా? హైడ్రో ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి

రెంటచింతల_ఎండ

అందరికీ నమస్తే. మాది పల్నాడు జిల్లా రెంటచింతల. ఎండాకాలం వార్తల్లో మా ఊరి పేరు వినే ఉంటారు. ఈ ఏడాది ఈఈఈ బీటెక్ అయిపోయింది. మా నాన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు, వార్నిష్ వాసన మధ్య పెరిగాను కాబట్టి బ్రాంచి ఎంచుకునేటప్పుడు నేను ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు మాత్రం అడగాల్సి వస్తోంది. నా చేతిలో రెండు అవకాశాలు ఉన్నాయి. ఒకటి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీ, ఏడాదికి 3.6 లక్షలు. జాయినింగ్ డేట్ ఇంకా చెప్పలేదు. రెండోది రాయలసీమలో కడుతున్న ఒక పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులో (కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైకెక్కించి, కావలసినప్పుడు దించి కరెంటు తీసేది) సబ్ కాంట్రాక్టర్ దగ్గర ట్రైనీ ఇంజినీర్. నెలకు 22 వేలు, సైట్‌లోనే రూమ్, మెస్. ఇంట్లో అమ్మ సాఫ్ట్‌వేరే అంటోంది. నాన్న ఏమీ అనడు, కానీ సైట్ ఫొటోలు నాలుగుసార్లు అడిగి చూశాడు.

మా ఊరికి దగ్గర్లో సత్రశాల టెయిల్ పాండ్ (సాగర్ డ్యామ్ కింద నీళ్ళు నిలిపే చెరువు) ఉంది. కాలేజీ నుంచి సాగర్ పవర్ హౌస్ కూడా చూపించారు. ఆ జనరేటర్ పక్కన నిలబడినప్పుడు కాళ్ళ కింద ఫ్లోర్ సన్నగా అదురుతుంటే చాలా నచ్చింది. కానీ ఒక్క రోజు చూసి నచ్చిందని జీవితం పెట్టేయలేం కదా.

నా డౌట్లు ఇవి. హైడ్రోలో నిజంగా మనుషులు కావాలా, లేక కట్టడం అయిపోగానే పంపించేస్తారా? పైచదువు చదవాలంటే ఎక్కడ? మా లెక్చరర్ ఒకాయన భవిష్యత్తంతా సముద్రంలోనే ఉంది, అలల నుంచి కరెంటు మీద రీసెర్చి చెయ్యి అంటున్నారు. దానికి డబ్బులు ఎవరిస్తారు? అది చదివినవాళ్ళకి ఇక్కడ ఉద్యోగాలు ఉంటాయా? తెలిసినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ప్లీజ్.

మోతుగూడెం_డీఈ

అమ్మాయీ, నేను జెన్‌కోలో డివిజనల్ ఇంజినీర్‌గా రిటైరయ్యాను. మొదటి పోస్టింగ్ దిగువ సీలేరు. మోతుగూడెం కాలనీలో కాపురం, పొల్లూరు పవర్ హౌస్‌లో డ్యూటీ. తర్వాత సాగర్, శ్రీశైలం. కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది, అది తీసేసి చదువుకో.

మనుషులు కావాలా అని అడిగావు. చాలా కావాలి. అయితే కావలసిన చోటికి మనుషుల్ని తెచ్చుకునే పద్ధతి మాత్రం ఎవరూ సరిగ్గా పెట్టలేదు. నా బాధంతా అదే.

మామూలు హైడ్రో యూనిట్ సంగతి వేరు. పొద్దున ఎత్తుతారు, అంటే స్టార్ట్ చేస్తారు, లోడ్ తగ్గాక దించుతారు. గైడ్ వేన్స్ (నీళ్ళను అదుపు చేసే రెక్కలు) తెరిస్తే నీళ్ళు రన్నర్ (టర్బైన్ చక్రం) మీద పడి అది తిరుగుతుంది, స్పీడ్ రాగానే సింక్రనైజ్ చేస్తారు, అంటే గ్రిడ్‌తో కలుపుతారు. కొన్ని నిమిషాల పని. అదే రివర్సిబుల్ యూనిట్‌ని (టర్బైన్‌గానూ పంప్‌గానూ నడిచేది) పంప్ మోడ్‌లో ఎత్తడం చూశావా? కాలేజీవాళ్ళు తీసుకెళ్ళిన రోజు చూపించి ఉండరు. వంద మెగావాట్ల మోటార్‌ని మీ నాన్నగారి షాపులో లాగా స్టార్టర్ నొక్కి గ్రిడ్ మీదికి తెస్తే గ్రిడ్ ఒప్పుకోదు. అందుకని ముందు డ్రాఫ్ట్ ట్యూబ్‌లోకి (రన్నర్ కింద ఉండే నీటి గొట్టం) కంప్రెస్డ్ ఎయిర్ పంపి నీళ్ళను రన్నర్ కిందికి దించుతారు. రన్నర్ గాలిలో తేలిగ్గా తిరుగుతుంది. ఇప్పటి ప్రాజెక్టుల్లో స్టాటిక్ ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ అనే ఎలక్ట్రానిక్ పరికరంతో స్పీడ్ మెల్లగా పెంచి, గ్రిడ్‌తో కలిపి, అప్పుడు ఆ గాలి వదిలేస్తారు. నీళ్ళు పైకొస్తాయి. మూసి ఉన్న గైడ్ వేన్స్ మీద ప్రెషర్ కడుతుంది. అది కట్టాక వేన్స్ తెరిస్తే నీళ్ళు పై రిజర్వాయర్‌కి ఎక్కడం మొదలవుతుంది. ఇందులో ఏ మెట్టు దగ్గర సిగ్నల్ రాకపోయినా సీక్వెన్స్ ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో స్క్రీన్ మీద ఒక్క లైన్ ఉంటుంది. ఆ లైన్ వెనక ఏముందో చెప్పగలిగేవాడు కంట్రోల్ రూమ్‌లో ఉండాలి.

నువ్వు ఈఈఈ కాబట్టి ఇంకొకటి చెప్తాను. పంప్ మోడ్‌లో మెషిన్ ఎదురు దిశలో తిరగాలి, అంటే రెండు ఫేజులు మార్చాలి. దానికి ఫేజ్ రివర్సల్ స్విచ్ ఉంటుంది. ఫేజులు మారితే ప్రొటెక్షన్ కూడా దాని ప్రకారం మారాలి. జనరేటర్‌గా నడిచేటప్పుడు రివర్స్ పవర్ వస్తే, అంటే గ్రిడ్ నుంచి కరెంటు లోపలికి వస్తే, రిలే ట్రిప్ చేస్తుంది, చెయ్యాలి కూడా. పంప్‌గా నడిచేటప్పుడు పవర్ లోపలికి రావడమే దాని పని, అప్పుడు ఆ రిలేని బ్లాక్ చెయ్యాలి. వినడానికి చిన్న సంగతే. కమిషనింగ్‌లో (కొత్త మెషిన్‌ని పరీక్షించి మొదటిసారి నడిపేటప్పుడు) ఈ లాజిక్ దగ్గరే రాత్రుళ్ళు గడిచిపోతాయి. ఇది పుస్తకంలో నాలుగు లైన్లు, సైట్‌లో నాలుగు నెలలు.

ఇక దేశంలో సంగతి. సోలార్ పెరిగింది. మధ్యాహ్నం కరెంటు మిగులుతోంది, సాయంత్రం ఏడింటికి చాలడం లేదు. మిగిలినప్పుడు నీళ్ళు పైకెక్కించి, చాలనప్పుడు దించుకోవాలి. వంద యూనిట్లు ఖర్చుపెట్టి ఎక్కిస్తే దించినప్పుడు 75 నుంచి 80 తిరిగొస్తాయి. నష్టమే, కానీ మధ్యాహ్నం యూనిట్‌కీ సాయంత్రం యూనిట్‌కీ ఉన్న ధర తేడాలో అది పూడిపోతుంది. నంద్యాల జిల్లా పిన్నాపురం 1680 మెగావాట్లు అందుకే వచ్చింది. ఎగువ సీలేరు దగ్గర 1350 మెగావాట్లు, గండికోట, చిత్రావతి, ఇవన్నీ ఆ లెక్కలోవే. ఉత్తరాన టెహ్రీలో 4×250 మెగావాట్లు పెట్టారు, అవి వేరియబుల్ స్పీడ్ మెషిన్లు. అంటే పంపింగ్‌లో ఉండగా కూడా లోడ్ తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. మా రోజుల్లో పంపింగ్ అంటే ఫుల్ లోడ్, లేదంటే ఆపెయ్యడం.

డబ్బు కూడా వస్తోంది. 2024 సెప్టెంబరులో కేంద్ర క్యాబినెట్ హైడ్రో ప్రాజెక్టుల మౌలిక వసతులకి 12,461 కోట్లు ఒప్పుకుంది. పంప్డ్ స్టోరేజీకి కూడా వర్తిస్తుంది. రోడ్లు, వంతెనలు, ట్రాన్స్‌మిషన్ లైన్లు, రోప్‌వేలు, రైల్వే సైడింగులు, అన్నీ ఉన్నాయి ఆ జాబితాలో. మనుషుల శిక్షణ అనే పద్దు మాత్రం నాకు కనిపించలేదు. మెషిన్ దగ్గరికి రోడ్డు వేశారు, సంతోషం. ఆ రోడ్డు మీద డ్యూటీకి వెళ్ళేవాడి సంగతి?

మేం చేరినప్పుడు ఎవరూ క్లాసులు చెప్పలేదు. మాకంటే ముందు మాచ్‌ఖండ్‌లో పనిచేసి వచ్చిన ఫోర్‌మన్లు ఉండేవారు. 1955లో మొదలైన పవర్ హౌస్ అది. ఒక ఫోర్‌మన్ చెక్క కడ్డీ ఒక కొస బేరింగ్ హౌసింగ్‌కి, ఇంకో కొస చెవికి ఆనించి, టెంపరేచర్ మీటర్ కదలకముందే తేడా చెప్పేవాడు. ఇప్పుడు దానికి వైబ్రేషన్ సెన్సర్లు ఉన్నాయి, మంచిదే. కానీ ఆ ఫోర్‌మన్లు రిటైరైన తర్వాత చాలా ఏళ్ళు కొత్త పోస్టులు నింపలేదు. మధ్యలో ఒక తరం ఖాళీ. ఇప్పుడు ఉన్నట్టుండి వేల మెగావాట్లు కడుతున్నారు. ఆ ఖాళీలో నుంచే నీకు ఈ ట్రైనీ ఉద్యోగం వచ్చింది.

చదువు విషయానికొస్తే, రూర్కీ ఐఐటీలో హైడ్రో అండ్ రెన్యూవబుల్ ఎనర్జీ డిపార్ట్‌మెంట్ ఉంది. 1982లో ఆల్టర్నేట్ హైడ్రో ఎనర్జీ సెంటర్ అని మొదలైంది. అక్కడ టర్బైన్ మోడళ్ళు పరీక్షించే ల్యాబ్ ఉంది, మన దేశంలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గేట్ రాసి వెళ్తే స్టైపెండ్ నెలకు 12,400. ఆపరేషన్, మెయింటెనెన్స్ నేర్చుకోవాలనుకుంటే పంజాబ్‌లో నంగల్ దగ్గర నేషనల్ పవర్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళది హైడ్రో కోసమే ఒక కేంద్రం ఉంది. భాక్రా పక్కనే, కాబట్టి చూడ్డానికి మెషిన్లకి కరువు లేదు. గేట్ స్కోరుతోనే ఎన్‌హెచ్‌పీసీ, ఎస్‌జేవీఎన్, టీహెచ్‌డీసీ లాంటి ప్రభుత్వ హైడ్రో కంపెనీలు కూడా తీసుకుంటాయి, నోటిఫికేషన్లు చూస్తూ ఉండు.

నా సలహా అడిగితే: సైట్‌కి వెళ్ళు. కమిషనింగ్ జరిగే ప్రాజెక్టులో ఒక ఏడాది ఉన్నవాళ్ళు, పదేళ్ళు నడుస్తున్న స్టేషన్‌లో చూడలేనివి చూస్తారు. మెషిన్ ఒక్కసారే కడతారు కదా. కానీ వెళ్ళే ముందు ఒకటి కనుక్కో. నిన్ను టెస్టింగ్ టీమ్‌లో వేస్తారా, లేక బిల్లింగ్, డాక్యుమెంటేషన్ అని ఆఫీసు కంటెయినర్‌లో కూర్చోబెడతారా? రెండోదైతే హైదరాబాద్ వెళ్ళడమే నయం.

బి_షిఫ్ట్

సార్ చెప్పింది బాగుంది, కానీ సార్ పర్మనెంట్ ఉద్యోగంలో ఉండి చెప్తున్నారు. నేను చెప్పేది ఇంకో వైపు నుంచి.

మాది కరీంనగర్. డిప్లొమా చేసి ఒక లిఫ్ట్ ఇరిగేషన్ పంప్ హౌస్‌లో అవుట్‌సోర్సింగ్ మీద చేరిన. ఇప్పుడు ప్రైవేటు పంప్డ్ స్టోరేజీలో షిఫ్ట్ ఆపరేటర్. చెల్లీ, 22 వేలలో పీఎఫ్ కటింగ్ పోను ఎంత వస్తుందో అడుగు. మెస్ డబ్బులు అందులోనే పట్టుకుంటారా అని అడుగు. నా మొదటి ఏజెన్సీవాడు కొన్ని నెలలు పీఎఫ్ కట్ చేసిండు, జమ చెయ్యలే. అడిగితే మెయిన్ కాంట్రాక్టర్‌ని అడగమన్నడు, వాడిని అడిగితే మాకు సంబంధం లేదన్నడు. అందుకే ఆఫర్ లెటర్ మీద ఏ కంపెనీ పేరు ఉందో చూసుకో. సైట్ గేటు మీద ఉన్న పెద్ద పేరు కాదు, నీ లెటర్ మీద ఉన్న చిన్న పేరే నీ యజమాని.

ఇంకోటి. సార్, మనుషులు లేరు అన్నారు. ఉన్నారు సార్. తెలంగాణలో గాయత్రి పంప్ హౌస్‌లోనే భూగర్భంలో 139 మెగావాట్ల మోటార్లు ఏడు ఉన్నయి. వాటిని ఎత్తి దించిన ఆపరేటర్లు, ఫిట్టర్లు ఉన్నరు. పెద్ద మోటార్‌ని మెల్లగా స్పీడ్‌కి తేవడం, థ్రస్ట్ బేరింగ్ ఆయిల్, కూలింగ్ వాటర్, సర్జ్ పూల్ (పంపుల ముందు నీళ్ళు నిలిచే గుంట) లెవల్, ఇవన్నీ వాళ్ళకి తెలిసిన పనులే. పంప్డ్ స్టోరేజీలో సగం పని అదే. కానీ ఇంటర్వ్యూలో "హైడ్రో ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అంటరు. ఇరిగేషన్ అని చెప్తే పక్కన పెడతరు. నేను రెజ్యూమెలో లిఫ్ట్ ఇరిగేషన్ అనే మాట తీసేసి, మోటార్ కెపాసిటీ, హెడ్ (నీళ్ళు ఎక్కించే ఎత్తు), స్టార్టింగ్ పద్ధతి రాసిన తర్వాత పిలిచిండ్రు. అదే పని, అదే నేను.

ఎవరైనా ఈ ఆపరేటర్లకి టర్బైన్ మోడ్ మీద మూడు నెలల కోర్సు పెట్టి సర్టిఫికెట్ ఇస్తే చాలు, మంది కోసం నంగల్ దాకా పోయే పని లేదు.

మోతుగూడెం_డీఈ

బి షిఫ్ట్ బాబూ, నువ్వు చెప్పింది నేను ఆలోచించని కోణం. నిజమే, పంప్ వైపు నైపుణ్యం ఇరిగేషన్ శాఖ గోడ అవతల ఉంది, టర్బైన్ వైపుది జెన్‌కోలో ఉంది. ఇద్దరికీ మాటల్లేవు. సాగర్‌లో కూడా ఇలాంటి తమాషాయే. మెయిన్ పవర్ హౌస్‌లో ఎనిమిది యూనిట్లలో ఏడు రివర్సిబుల్. పంప్ చెయ్యాలంటే కింద నీళ్ళు నిలవాలి, ఆ టెయిల్ పాండ్ దశాబ్దాల తర్వాత గానీ రాలేదు. వచ్చేసరికి రాష్ట్రం రెండైంది. పవర్ హౌస్ తెలంగాణది, టెయిల్ పాండ్ ఆంధ్రది. పంపింగ్‌కి కావలసిన మెషినూ నీళ్ళూ రెండు ప్రభుత్వాల చేతుల్లో పడ్డాయి.

1 టీఎంసీ నీళ్ళు సాగర్ పవర్ హౌస్ నుంచి దిగితే నా లెక్కన 60 లక్షల యూనిట్ల పైమాటే. ఆ నీళ్ళు ఎవరివి అన్న దగ్గరే మాటలు ఆగిపోతాయి. కొత్త ప్రాజెక్టులు నదికి పక్కగా, రెండు సొంత చెరువుల మధ్య కట్టడానికి ఇది కూడా ఒక కారణం. ఒకసారి నింపుకుంటే ఆవిరైనంత మేరకు పోసుకుంటే చాలు, ఎవరితో పేచీ లేదు.

కెరటం_భీమిలి

సముద్రం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మాది భీమిలి. చెన్నైలో వేవ్ ఎనర్జీ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నాదీ ఈఈఈనే.

మీ లెక్చరర్‌గారి ఉత్సాహానికి కాస్త నీళ్ళు కలుపుతాను, ఏమనుకోవద్దు. ఆటుపోట్ల కరెంటు మన తీరానికి కుదరదు. ఫ్రాన్స్‌లో లా రాన్స్ ప్లాంటు 1966 నుంచి నడుస్తోంది, 240 మెగావాట్లు. అక్కడ పోటుకీ పాటుకీ మధ్య నీటి మట్టం తేడా సగటున 8 మీటర్లు. విశాఖలో పెద్ద పోటు రోజుల్లో కూడా అది ఒకటిన్నర మీటరు ప్రాంతంలో ఉంటుంది. మన దేశంలో ఆ అవకాశం గుజరాత్‌లో, కొద్దిగా సుందర్‌బన్స్‌లో ఉంది. గుజరాత్‌లో 50 మెగావాట్లు, సుందర్‌బన్స్ దుర్గాదువానీలో 3.75 మెగావాట్లు అనుకున్నారు. రెండూ కట్టలేదు. కాగితం మీద దేశం మొత్తం టైడల్ సామర్థ్యం 12,455 మెగావాట్లు అని ఉంటుంది. ఆ అంకె చూసి కెరీర్ ఎంచుకోకండి.

అలల సంగతి వేరు. ఇందులో మనం మరీ వెనకబడి ఏమీ లేం. కేరళలో విళింజం దగ్గర 1991లోనే 150 కిలోవాట్ల ప్లాంటు కట్టారు, ఐఐటీ మద్రాసు వాళ్ళు చేసింది. సముద్రంలో కాంక్రీట్ గది. అల లోపలికొస్తే గదిలో గాలి పైకి తోసుకుపోతుంది, అల వెనక్కి పోతే గాలి లోపలికి లాక్కుంటుంది. ఆ దారిలో వెల్స్ టర్బైన్ పెట్టారు. గాలి ఎటు వీచినా అది ఒకే వైపు తిరుగుతుంది, అదీ దాని గొప్ప. పని చేసింది, దాని కరెంటుతో ఉప్పునీటిని మంచినీరు కూడా చేశారు. తర్వాత ఆపేశారు. 2022 నవంబరులో ఐఐటీ మద్రాసు వాళ్ళే తూత్తుకుడి తీరానికి 6 కిలోమీటర్ల దూరంలో సింధూజ-I అనే తేలే యంత్రాన్ని పరీక్షించారు. అది వాట్లలో లెక్కపెట్టే చిన్న యంత్రం. ముప్ఫై ఏళ్ళలో 150 కిలోవాట్ల నుంచి అక్కడికి వచ్చాం, మరి ఇది ముందుకా వెనక్కా అని మా ల్యాబ్‌లో జోకులేసుకుంటాం. నిజానికి విళింజంలో కట్టింది ఒడ్డుకు దగ్గరగా, కదలని గది. ఇది లోపలికి వెళ్ళి తేలాలి, కాబట్టి పోలిక సరికాదు.

కష్టం ఎక్కడుందంటే, యంత్రం సంపాదించేది రోజువారీ మామూలు అల మీద. కానీ దాన్ని కట్టాల్సింది తుఫాను అల కోసం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను, మా వీధిలోకి పడవ కొట్టుకొచ్చింది. అలాంటి ఒక్క రోజుకి తట్టుకునేంత ఇనుము, గొలుసులు, లంగర్లు పెడితే మిగతా 364 రోజుల కరెంటుతో ఆ ఖర్చు రావాలి. బంగాళాఖాతంలో ఈ లెక్క ఇంకా కుదరలేదు. పైగా నత్తలు, నాచు పట్టి బరువెక్కడం, ఉప్పు తినేయడం ఎలాగూ ఉన్నాయి.

సముద్రంలో ఇంజినీర్ల కొరత కంటే పడవల మీద పనిచేసేవాళ్ళ కొరత ఎక్కువ దెబ్బ తీస్తుంది. చెన్నైలోని ఎన్‌ఐఓటీ (సముద్ర టెక్నాలజీ మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఒకప్పుడు సాగర్ శక్తి అని 1 మెగావాట్ ప్లాంటును బార్జ్ మీద కట్టింది. పైన వెచ్చటి నీరు, కింద చల్లటి నీరు, ఆ తేడాతో కరెంటు. దానికి కిలోమీటరు లోతు నుంచి చల్లటి నీరు తెచ్చే పైపు కావాలి. తూత్తుకుడి దగ్గర ఆ పైపు దించేటప్పుడే పోయింది. టర్బైన్ దాకా రానే లేదు. కానీ అదే అనుభవంతో లక్షద్వీప్ కవరత్తిలో 2005లో రోజుకి లక్ష లీటర్ల మంచినీరు ఇచ్చే ప్లాంటు పెట్టారు. అక్కడ కూడా లోతు చల్లదనమే ఆధారం. స్కాట్లాండ్ ఓర్క్నీ దీవుల్లో 2003 నుంచి టెస్ట్ సెంటర్ నడుస్తోంది కదా, అక్కడ యంత్రాలు తెచ్చే కంపెనీలు వస్తుంటాయి, పోతుంటాయి. లంగర్లు వెయ్యడం, కేబుల్ దించడం తెలిసిన స్థానిక పడవలవాళ్ళు నిలబడ్డారు. మా భీమిలిలో వలలు వదిలేసి ఫార్మా కంపెనీల్లో హెల్పర్లుగా వెళ్తున్న కుర్రాళ్ళని చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

డబ్బు గురించి అడిగారు. నెట్ లేదా గేట్‌తో జేఆర్‌ఎఫ్ (రీసెర్చి ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, అద్దె అలవెన్స్ అదనం. 2021లో మొదలైన డీప్ ఓషన్ మిషన్‌కి 4,077 కోట్లు పెట్టారు. అందులో సముద్రం నుంచి శక్తి, మంచినీరు ఒక భాగం మాత్రమే, ఎక్కువ మాట్లాడుకునేది సబ్‌మెర్సిబుల్ గురించి (మీ నాన్నగారి షాపుకొచ్చేది కాదు, మనుషులు కూర్చునేది!). ప్రాజెక్టు ఉద్యోగాలు ఉంటాయి, కానీ ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే.

కాబట్టి ఇప్పటికి ఇండియాలో మెరైన్ ఎనర్జీ అంటే రీసెర్చి స్టైపెండ్, ఉద్యోగాల మార్కెట్ లేదు. మీకు ఆ పురుగు కుట్టి ఉంటేనే రండి. అమెరికాకి ఎంఎస్‌కి వెళ్ళే ఆలోచన ఉంటే అది ఇంకో దారి. ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు న్యూపోర్ట్ తీరంలో ప్యాక్‌వేవ్ అని గ్రిడ్‌కి కలిపే 20 మెగావాట్ల టెస్ట్ సైట్ కట్టారు. అక్కడి ఇంధన శాఖ కాలేజీ టీములకి మెరైన్ ఎనర్జీ పోటీ ఒకటి, హైడ్రోపవర్ పోటీ ఒకటి పెడుతుంటుంది. మనవాళ్ళు వందల మంది డేటా సైన్స్‌కి వెళ్తున్నారు, ఇలాంటి టీముల్లో చేరినవాళ్ళు నాకు ఒక్కరే తెలుసు. ఫీజు, వీసా టెన్షన్ మామూలే, అది మీకు తెలిసిందే.

ఒకటి మాత్రం ఊరికే దొరుకుతుంది. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని దేశం చుట్టూ అలలు కొలుస్తారు, విశాఖ దగ్గర కూడా వాళ్ళ వేవ్ బోయ్ (తేలుతూ అలలు కొలిచే పరికరం) ఉంది. ఇంటర్న్‌షిప్‌కి ప్రయత్నించండి. అలల డేటా చేతిలో ఉంటే ఇదంతా మీకు నచ్చుతుందో లేదో రెండు నెలల్లో తేలిపోతుంది.

రెంటచింతల_ఎండ

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. డీఈ సార్ రాసిన ఫేజ్ రివర్సల్ సంగతి నాన్నకి చదివి వినిపించాను. "మన దగ్గర రెండు వైర్లు మారిస్తే బోరు మోటార్ ఎదురు తిరుగుతుంది చూడు, అదే కదా" అన్నాడు. అదే కదా సార్?

బి షిఫ్ట్ అన్న చెప్పాక ఆఫర్ లెటర్ మళ్ళీ చూశాను. అందులో ఉన్న పేరు నేను అసలు వినలేదు. రేపు ఫోన్ చేస్తాను.

ఇంకొక సందేహం, అడగడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. అండర్‌గ్రౌండ్ పవర్ హౌస్‌లో అమ్మాయిలకి షిఫ్టులు వేస్తారా? అమ్మ శ్రీశైలం ప్రమాదం గురించి యూట్యూబ్‌లో చూసి వద్దే వద్దు అంటోంది. ఆమెకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

మోతుగూడెం_డీఈ

మీ నాన్నగారు కరెక్ట్. ఆయనకి నా నమస్కారాలు చెప్పు.

శ్రీశైలం గురించి అమ్మగారి భయాన్ని తీసిపారేయకు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. అందులో ఇంజినీర్లు ఉన్నారు. మంట కంటే పొగ ప్రమాదం. భూగర్భంలో పొగకి బయటికి పోయే దారి, మనిషికి బయటికి పోయే దారి ఒకటే అయిపోతే ఇక చెయ్యడానికేం ఉండదు. నేను అక్కడ పనిచేసినవాణ్ణి, దాని గురించి ఇంతకంటే రాయలేను.

కానీ దాంట్లో నుంచి నువ్వు అడగాల్సిన ప్రశ్నలు వస్తాయి. వెళ్ళిన మొదటి రోజే రెండో దారి ఎక్కడుందో చూపించమను. ఉంటే, తలుపు తాళం వేసి ఉందో లేదో నువ్వే లాగి చూడు. బ్రీతింగ్ సెట్లు (పొగలో ఊపిరి తీసుకునే పరికరాలు) ఎన్ని ఉన్నాయి, ఒక షిఫ్ట్‌లో ఎంతమంది ఉంటారు? సెట్లు తక్కువైతే కారణం అడుగు. మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారని అడిగితే సేఫ్టీ ఆఫీసర్ రిజిస్టర్ తెచ్చి చూపించాలి. "చేస్తూనే ఉంటాం" అన్నాడంటే చెయ్యలేదని అర్థం. కట్టేటప్పుడు ఉన్న సైట్ ఇంకా ప్రమాదం, ఎందుకంటే కేబుళ్ళు సగం వేసి ఉంటాయి, ఫైర్ సిస్టమ్ చివర్లో పెడతారు. ఇవన్నీ అమ్మగారి ముందే ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడుగు. జవాబులు ఆవిడే వింటారు.

అమ్మాయిల సంగతి. మా కాలంలో అమ్మాయిలు ఏఈలుగా వస్తే డిజైన్స్, ప్లానింగ్ అని హెడ్ ఆఫీసుకి పంపేవాళ్ళు. వాళ్ళ మంచికే అని చెప్పేవాళ్ళం, పవర్ హౌస్‌లో సరైన బాత్రూమ్ కట్టకపోవడానికి అదొక సాకు. నా సర్వీసు చివర్లో ఒక అమ్మాయి ఆపరేషన్‌లోనే ఉంటానని పట్టుబట్టింది. ఓవర్‌హాల్‌లో డ్రాఫ్ట్ ట్యూబ్‌లోకి దిగి రన్నర్ బ్లేడ్ల మీద క్యావిటేషన్ గుంటలు (నీటి బుడగలు పేలి లోహం తినేసిన చోట్లు) కొలిచి తెచ్చింది. మేనేజర్ అడిగిన రిపోర్టు కంటే ఆ కొలతలే మాకు ఎక్కువ పనికొచ్చాయి. ఇప్పుడు నైట్ షిఫ్ట్ వేస్తే రవాణా, భద్రత వాళ్ళే ఏర్పాటు చెయ్యాలి. ఎలా చేస్తారో లెటర్‌లో రాసివ్వమను. మాట మీద వదలకు.

బి_షిఫ్ట్

మా ప్లాంట్‌లో కంట్రోల్ రూమ్‌లో ఇద్దరు అమ్మాయిలు ఉన్నరు. నైట్ క్యాబ్ ఉంది. బాత్రూమ్ మాత్రం మెషిన్ హాల్ నుంచి రెండు ఫ్లోర్లు పైన. అది కూడా అడుగు చెల్లీ, నవ్వులాట కాదు, 12 గంటల షిఫ్ట్.

కెరటం_భీమిలి

ఇంకొకటి, సైట్‌కి వెళ్తే రీసెర్చి తలుపులు మూసుకుపోతాయని అనుకోకండి. ఇప్పుడు హైడ్రోలో మంచి రీసెర్చి ప్రశ్నలన్నీ పంప్డ్ స్టోరేజీ దగ్గరే ఉన్నాయి. రోజుకి ఇన్నిసార్లు మోడ్ మార్చితే వైండింగ్ ఇన్సులేషన్ ఎంత తొందరగా పాడవుతుంది, పంప్-టర్బైన్ అటూ ఇటూ కాని స్పీడ్‌లో ఎందుకు ఊగుతుంది, హిమాలయాల్లో అయితే ఇసుక రన్నర్‌ని ఎంత తింటుంది. మా ల్యాబుల్లో సాఫ్ట్‌వేర్ ఉంది, మోడల్ ఉంది, నిజమైన మెషిన్ డేటా లేదు. రెండేళ్ళు స్టార్ట్-స్టాప్ రికార్డులు చూసిన మనిషి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వస్తే ప్రొఫెసర్లు కుర్చీ జరిపి కూర్చోబెడతారు. కంపెనీ డేటా బయటికి తేకూడదు, అది వేరే సంగతి. ఏం అడగాలో తెలియడమే అక్కడ విలువ.

రెంటచింతల_ఎండ

ఫోన్ చేశాను, అమ్మని పక్కన కూర్చోబెట్టుకునే. టెస్టింగ్ అండ్ కమిషనింగ్ అన్నారు, కానీ మొదటి మూడు నెలలు కేబుల్ లేయింగ్, టెర్మినేషన్ (కేబుల్ కొసలు కలపడం) సూపర్‌విజన్ అట. పీఎఫ్ గురించి అడిగితే లెటర్‌లో రాసి మళ్ళీ పంపుతామన్నారు. రెండో దారి గురించి అడిగితే ఆయన ఒక నిమిషం ఆగి, సేఫ్టీ వాళ్ళ నంబర్ ఇచ్చారు. ఆ నంబర్‌కి ఇంకా చెయ్యలేదు, సోమవారం చేస్తాను. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఇంకా ఏ మెయిల్ రాలేదు.

మోతుగూడెం_డీఈ

కేబుల్ టెర్మినేషన్ అంటే చిన్నచూపు చూడకు. కంట్రోల్ కేబుల్ ఏ కోర్ ఎక్కడికి వెళ్తుందో ఆ మూడు నెలల్లో నీ చేతి మీదుగా పోతుంది. తర్వాత సీక్వెన్స్ ఆగినప్పుడు ఏ టెర్మినల్ చూడాలో నీకే తెలుస్తుంది. ఫెర్రూల్ నంబర్లు (ఒక్కో వైరు కొసకి తొడిగే గుర్తు నంబర్లు) సొంత నోట్‌బుక్‌లో రాసుకో. ఫోన్‌లో ఫొటోలు తియ్యనివ్వరు. స్కీమాటిక్ డ్రాయింగ్ ఎలా చదవాలో నేను విడిగా ఒక పోస్టు పెడతాను, ఈ వారం కంటి డాక్టర్ దగ్గరికి తిరుగుతున్నాను, అది అయ్యాక. సేఫ్టీ వాళ్ళు ఏమన్నారో సోమవారం ఇక్కడే రాయి.